సైకిల్ కిరాయి ఇచ్చి పిలిచిన సెలెక్టర్ - రహీం సాబ్

సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్కన అమ్ముగూడ అని ఒక ఊరు. 1950ల మధ్యలో ఆ ఊరి కుర్రాడు తులసీదాస్ బలరాం లీగ్ మ్యాచ్‌లు ఆడుతుంటే ఒక పెద్దమనిషి చూశారు. హైదరాబాద్ జట్టు సెలక్షన్ల కోసం నగరానికి రమ్మన్నారు. ఇంకెవరైనా అయితే ఆ మాటకే ఎగిరి గంతేసేవారు. బలరాం మాత్రం రోజూ అంత దూరం రావడానికి తన దగ్గర డబ్బుల్లేవని చెప్పేశాడు. అయితే సైకిల్ కిరాయి నేనిస్తాను, నువ్వు రా అన్నారు ఆ పెద్దమనిషి. తర్వాత కొద్దికాలానికే, 1956లో, ఆ కుర్రాడు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత ఫుట్‌బాల్ జట్టులో ఉన్నాడు.

ఆ పెద్దమనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. పాత హైదరాబాదీలకు రహీం సాబ్.

2024లో ‘మైదాన్’ సినిమా వచ్చాక రహీం సాబ్ పేరు దేశమంతా తెలిసింది. సినిమా కాబట్టి జకార్తా ఫైనల్ చుట్టూ కథ నడిపారు, అది సహజమే. కానీ ఆ ఫైనల్ కంటే ముందు ఇరవై ఏళ్ళ పని ఉంది. గల్లీల్లో, స్కూల్ గ్రౌండ్లలో పిల్లల్ని చూడటం, ఎంచుకోవడం, ఎంచుకున్నాక వాళ్ళని తయారుచేయడం. ఈ రోజుల్లో మన ఇళ్ళల్లో కూడా పిల్లల్ని క్రికెట్ అకాడమీకో ఫుట్‌బాల్ కోచింగ్‌కో తీసుకెళ్తున్నాం. ట్రయల్స్ అంటారు, నంబర్ చొక్కా తొడుగుతారు, పది నిమిషాలు ఆడిస్తారు, సాయంత్రానికి లిస్టు పెడతారు. లిస్టులో పేరు లేని పిల్లవాడు ఇంటికొచ్చి అన్నం తినడు. అందుకే రహీం సాబ్ జీవితాన్ని ఈసారి ఆ వైపు నుంచి చూద్దాం.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, బీఏ పాసయ్యారు, యూనివర్సిటీ రోజుల నుంచే మంచి ఆటగాడని పేరు. లోకల్ లీగ్‌లో ఖమర్ క్లబ్‌కు కూడా ఆడారు. కానీ బతుకుతెరువు మాత్రం టీచర్ ఉద్యోగం. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ - ఇవీ ఆయన పనిచేసిన చోట్లు. మధ్యలో ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేశారు. చివరి రెండు స్కూళ్ళలో ఆటల బాధ్యత ఆయనదే.

నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన వివరం ఇదే. కోచ్ అయ్యాక పిల్లలతో పనిచేయడం నేర్చుకున్న మనిషి కాదు ఆయన. పిల్లలతో పనిచేసి చేసి కోచ్ అయిన మనిషి. క్లాసులో నలభై మంది ఉంటే వెనక బెంచీలో కూర్చున్నవాడికి కూడా పాఠం రావాలి కదా. ఆ అలవాటుతోనే గ్రౌండ్‌లోకి వచ్చారు.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. అదే కాలంలో భారత జట్టుకూ కోచ్. అంటే లీగ్ నడిపించేదీ ఆయనే, అందులో ఆడే పిల్లల్ని గమనించేదీ ఆయనే, నగరంలో అందరికంటే పెద్ద జట్టును తయారుచేసేదీ ఆయనే. ఒక కుర్రాడు గల్లీ నుంచి జాతీయ జట్టు దాకా వెళ్ళే దారి మొత్తం ఒకే మనిషి కళ్ళముందు ఉండేది. ఇందులో లాభమూ ఉంది, ప్రమాదమూ ఉంది. ప్రమాదం సంగతి చివర్లో వస్తుంది.

పోలీస్ జట్టు గురించి కొంచెం ఆగి చెప్పాలి. 1948 సెప్టెంబర్ తర్వాత హైదరాబాద్ పరిస్థితి మన పెద్దవాళ్ళకు తెలుసు. పాత కొలువులు పోయిన ఇళ్ళు ఎన్నో. అలాంటి రోజుల్లో ఫుట్‌బాల్ బాగా ఆడే కుర్రాడికి పోలీస్ శాఖలో ఉద్యోగం దొరకడమంటే ఇంట్లో పొయ్యి వెలగడం. నేను కామర్స్ చదివినవాడిని, ఏ కథ విన్నా ముందు జీతం ఎవరిచ్చారని అడుగుతాను. ఈ కథలో జీతం ఇచ్చింది పోలీస్ శాఖ. తిండికి ఢోకా లేదు కాబట్టి ఆటగాడు పొద్దునా సాయంత్రం గ్రౌండ్‌లో ఉండగలిగాడు. రహీం సాబ్ ఎంత గొప్ప ఉస్తాద్ అయినా ఆకలితో ఉన్న పిల్లలతో అంత పని చేయించలేకపోయేవారు.

ఆ జట్టు ఏం చేసిందో రికార్డుల్లో ఉంది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు గెలిచింది. డ్యూరాండ్ కప్ కూడా ఆయన హయాంలో నాలుగుసార్లు వచ్చింది. 1950లో ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి మొదటిసారి, 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ అనే కొత్త పేరుతో చివరిసారి. కలకత్తాయే ఫుట్‌బాల్‌కు రాజధాని అనుకునే కాలంలో హైదరాబాద్ పేరు చెబితే అక్కడి క్లబ్బులు జాగ్రత్తపడేవి. తర్వాత తర్వాత ఆ క్లబ్బులే మన ఆటగాళ్ళను తీసుకుపోవడం మొదలుపెట్టాయి. బలరాం కూడా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు.

ఇప్పుడు అసలు విషయం. పిల్లల్ని ఎలా తయారుచేశారు?

రహీం సాబ్ హైదరాబాద్‌లో కొన్ని వింత టోర్నమెంట్లు పెట్టించేవారు. వాటిలో ఒకదానిలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడివాటం పిల్లవాడు ఎడమ కాలితోనే బంతిని తన్నాలి, ఎడమవాటం వాడు కుడికాలితోనే. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి కాలికి తగలగానే పక్కవాడికి ఇచ్చేయాలి, దాన్ని పట్టుకుని ముగ్గురిని తప్పించి చప్పట్లు కొట్టించుకోవడం కుదరదు.

మొదటిసారి వింటే పిల్లల సరదా ఆటలా ఉంటుంది. కాస్త ఆలోచించండి. మామూలు మ్యాచ్‌లో అందరి కళ్ళూ ఎవరి మీద ఉంటాయి? బంతిని కాలికి అంటించుకుని పరిగెత్తేవాడి మీద. బలంగా, పొడుగ్గా ఉన్నవాడి మీద. పద్నాలుగేళ్ళ వయసులో ఒకడికి మీసాలొస్తాయి, ఇంకొకడు పదేళ్ళవాడిలా ఉంటాడు. ఆ రోజు పెట్టిన సెలక్షన్‌లో మీసాలొచ్చినవాడే గెలుస్తాడు. అదే పోటీలో వాటం కాలిని కట్టేస్తే? డ్రిబ్లింగ్ తీసేస్తే? అప్పటిదాకా హీరోగా ఉన్నవాడు తడబడతాడు. బంతి రాకముందే ఎవరికి ఇవ్వాలో చూసుకున్నవాడు, తప్పు చేసినా సిగ్గుపడకుండా మళ్ళీ ప్రయత్నించేవాడు బయటపడతాడు. పేరుకు అది శిక్షణ. నాకైతే అది సెలక్షన్ కూడా అనిపిస్తుంది. పిల్లవాడికి ఏం వచ్చో చూడటానికి ఒక్క మ్యాచ్ చాలు. రానిదాన్ని ఎంత తొందరగా నేర్చుకుంటాడో చూడాలంటే మాత్రం ఇలాంటి పోటీలు కావాలి.

ఇంకో లాభం కూడా ఉంది. ఈ టోర్నమెంట్లకు ఖర్చు లేదు. బంతి ఒకటి, గ్రౌండ్ ఒకటి, ఒక నియమం. ఇవాళ పిల్లవాడి కోచింగ్ అంటే కిట్ ఇంత, నెల ఫీజు ఇంత, సమ్మర్ క్యాంప్ ఇంత అని ముందే కాగితం చేతికిస్తున్నారు. ఫీజు కట్టగలిగిన ఇళ్ళ పిల్లల్లోంచి మాత్రమే ఎంచుకుంటే, ఎంపిక అంతకుముందే సగం అయిపోయినట్టు. అమ్ముగూడ కుర్రాడు ఆ లెక్కలో ఎక్కడా ఉండేవాడు కాదు.

అలా ఆడి ఆడి హైదరాబాద్‌కు ఒక ఆటతీరు వచ్చింది. బంతి నేలమీదే ఉండాలి, చిన్న చిన్న పాస్‌లు, వేగం. 1956-57లో, ఆ మరుసటి సీజన్‌లో కూడా హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది.

దేశం జట్టు సంగతికొస్తే, మొదటి పెద్ద విజయం 1951లో. ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల ఫైనల్లో సాహూ మేవాలాల్ గోల్‌తో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చుకున్నారు. అంతా బాగుందనుకునే లోపే 1952లో హెల్సింకీ. యుగోస్లావియా చేతిలో 10-1తో ఓటమి. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఇక్కడి మట్టి మీద ఒట్టి కాళ్ళతో ఆడటం గర్వంగా చెప్పుకునేవాళ్ళం, అక్కడి చలిలో తడిసిన గడ్డి మీద అది పనిచేయలేదు. ఆ దెబ్బ తర్వాతే మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి.

ఇలాంటి ఓటమి తర్వాత ఏ కోచ్‌నైనా ఇంటికి పంపేస్తారు. రహీం సాబ్ మాత్రం కొనసాగారు. మెల్‌బోర్న్ నాటికి జట్టులో కొత్త పిల్లలు వచ్చారు. హైదరాబాద్ నుంచే అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం. వీళ్ళలో అజీజుద్దీన్, నూర్ హెల్సింకీ చూసి వచ్చినవాళ్ళు. జుల్ఫికర్, బలరాం ఇరవై ఏళ్ళ చుట్టుపక్కల ఉన్న కుర్రాళ్ళు. దెబ్బతిన్న పెద్దవాళ్ళ పక్కన భయం తెలియని చిన్నవాళ్ళను నిలబెట్టారన్నమాట. హంగరీ రాకపోవడంతో మొదటి రౌండ్ ఆడకుండానే దాటారు. తర్వాత ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను వాళ్ళ సొంత జనం ముందు 4-2తో ఓడించారు, నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా. ఈసారి 4-1. ఓడారు, కానీ నాలుగేళ్ళ కింద పది గోల్స్ తిన్న జట్టుకు అది ఎంత తేడా! మూడో స్థానం మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీస్ దాకా వెళ్ళిన మొదటి ఆసియా జట్టు మనదే.

1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేశారు. హంగరీతో 2-1 తేడాతోనే ఓడారు, ఆ మ్యాచ్‌లో మన గోల్ బలరాందే. పెరూ మీద కూడా అతనే గోల్ కొట్టాడు, అయినా ఓడి మొదటి దశలోనే తిరిగొచ్చారు.

రోమ్ జట్టులో ఇంకో పేరు ఉంది. సయ్యద్ షాహిద్ హకీం. రహీం సాబ్ కొడుకు. జట్టుతో వెళ్ళాడు, ఒక్క మ్యాచ్‌లోనూ ఆడలేదు. రెండేళ్ళ తర్వాత జకార్తాకు వెళ్ళిన జట్టులో అతని పేరే లేదు.

దీని గురించి ఎవరి ఇంట్లోనైనా మాట్లాడి చూడండి. పిల్లల సెలక్షన్లలో అందరికంటే ఎక్కువ వినపడే ఫిర్యాదు ఏంటి? ఫలానావాడు కోచ్ గారి అబ్బాయి, అందుకే తీసుకున్నారని. హకీం మంచి ఆటగాడే, ఒలింపిక్స్ జట్టుకు ఎంపికైనవాడు. అతన్ని ఆడించినా తప్పుపట్టే అవకాశం తక్కువ. కానీ ఆ చోటుకు అతనికంటే మెరుగైనవాళ్ళు ఉన్నారని తండ్రి అనుకున్నారు కాబోలు. రాత్రి ఆ ఇంట్లో దస్తర్‌ఖాన్ దగ్గర తండ్రీ కొడుకులు ఏం మాట్లాడుకున్నారో గాని, మిగతా ఆటగాళ్ళకు మాత్రం ఒక సంగతి అర్థమై ఉంటుంది. తమను పక్కన పెట్టినా దానికి ఆటే కారణం, చుట్టరికం కాదని. బయట కూర్చున్న ఆటగాడు కోచ్‌ను నమ్మాలంటే అది చాలా అవసరం.

జకార్తాకు వెళ్ళేసరికి రహీం సాబ్ ఆరోగ్యం బాగా దెబ్బతింది. ఊపిరితిత్తుల క్యాన్సర్. 1962 ఆసియా క్రీడల మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. తలకు కుట్లున్న డిఫెండర్‌ను వెనక నిలబెడితే గోల్ దగ్గర ప్రతి బంతీ ప్రమాదమే. రహీం సాబ్ అతన్ని జట్టు నుంచి తీసేయలేదు, ముందుకు తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టారు! సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ కొట్టాడు, 3-2తో గెలిచారు.

ఇది చూసి అదృష్టం కలిసొచ్చిందనుకునేవాళ్ళు ఉంటారు. కానీ ఆటగాణ్ణి ఒకే స్థానానికి కట్టేయకపోవడం ఆయనకు ముందునుంచీ ఉన్న పద్ధతే. మన యూసుఫ్ ఖాన్‌ను చూడండి, ముందు వరసలోనూ ఆడగలడు, వెనకా ఆడగలడు. బలరాం ఎడమ వైపూ ఆడాడు, మధ్యలోనూ ఆడాడు. చిన్నప్పుడే పిల్లవాడి నుదుటిమీద డిఫెండర్ అని ముద్ర వేసేస్తే, ఇరవై ఏళ్ళకు అతను ఇంకేం చేయగలడో ఎవరికీ తెలియదు.

ఫైనల్ 1962 సెప్టెంబర్ 4న, మళ్ళీ దక్షిణ కొరియాతోనే. ఇజ్రాయెల్, తైవాన్ జట్లకు ఇండోనేషియా వీసాలు ఇవ్వకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టారని అక్కడి జనం మన మీద కోపంగా ఉన్నారు. స్టేడియంలో సుమారు లక్షమంది, దాదాపు అందరూ మనకు వ్యతిరేకంగా అరిచేవాళ్ళే. ఫ్లూతో పడివున్న పొడగరి గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌ను లేపి దించారు. తలకు కుట్లతో జర్నైల్ ముందు నిలబడ్డాడు. పదిహేడో నిమిషంలో పీకే బెనర్జీ, ఇరవయ్యో నిమిషంలో జర్నైల్ గోల్స్ చేశారు. కొరియా ఆఖర్లో ఒకటి తిప్పికొట్టింది. 2-1. చునీ గోస్వామి కెప్టెన్. ఆ రోజు ఆడిన పదకొండు మందిలో బలరాం, యూసుఫ్ ఖాన్ ఇద్దరూ హైదరాబాద్ గ్రౌండ్లలో పెరిగినవాళ్ళు, తంగరాజ్ కూడా మొదట బంతి తన్నింది సికింద్రాబాద్ క్లబ్బుల్లోనే.

ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆసియా క్రీడల బంగారు పతకం మళ్ళీ రాలేదు.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. యాభై నాలుగేళ్ళు కూడా నిండలేదు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు పుట్టిందే 1985లో, అప్పటికి ఆయన పోయి ఇరవై రెండేళ్ళు. ఆయన దగ్గర నేర్చుకున్న పీకే బెనర్జీ తర్వాత దేశంలోనే పేరున్న కోచ్ అయ్యారు. హకీం ఎయిర్‌ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్‌గా పనిచేస్తూనే ఫిఫా రెఫరీ అయ్యారు, 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో పీకే పక్కన అసిస్టెంట్ కోచ్‌గా నిలబడ్డారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు, 2021 ఆగస్టులో పోయారు. బలరాం 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో చనిపోయారు.

ముందు చెప్పిన ప్రమాదం ఇదే. లీగ్, స్కూళ్ళు, పోలీస్ జట్టు, జాతీయ జట్టు - అన్నిటి మధ్య తాడు ఒకే మనిషి చేతిలో ఉంది. ఆ చేయి పోగానే తాడు వదులైంది. వాటం లేని కాలి టోర్నమెంట్లు ఎవరికీ పట్టలేదు. స్కూల్ మాస్టర్లలో కోచ్‌లను వెతికేవాళ్ళు లేరు, లీగ్‌లో ఆడే పేద పిల్లవాడికి దారి ఖర్చు ఇచ్చేవాళ్ళు లేరు. ఆయన తయారుచేసిన తరం కాళ్ళల్లో బలం ఉన్నన్నాళ్ళు ఆడింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత ఆ కప్పు ఇటువైపు రాలేదు.

2024 డిసెంబర్‌లో సంతోష్ ట్రోఫీ ఫైనల్ రౌండ్ హైదరాబాద్‌లోనే జరిగింది. ఆతిథ్యం ఇచ్చిన తెలంగాణ గ్రూప్ దశ దాటలేదు. డిసెంబర్ 31న గచ్చిబౌలి స్టేడియంలో ఫైనల్ ఆడింది పశ్చిమ బెంగాల్, కేరళ. బెంగాల్ 1-0తో గెలిచింది.